కరణం, ఉపకరణం, అధికరణం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వెలిమెలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "ఏదైనా పనికొచ్చే విషయం చెప్పండి" అన్నారు. పనికి రావడం అన్న మాటనే విషయంగా తీసుకుంటున్నాను. నేను పండితుణ్ణి కాను. గుమాస్తాగా చేరి, ఫైళ్ళ మధ్య జీతకాలం గడిపి దిగినవాణ్ణి. మాటల అర్థాలతో నాకున్న పరిచయం ఆ ఫైళ్ళు పెట్టిన భిక్షే.

సర్వీసు వ్యవహారాల మీద కోర్టు తీర్పులు చదివేవారికి ఇంగ్లీషులో ఒక మాట తరచుగా తగులుతుంది. "ఇన్‌స్ట్రుమెంటాలిటీ". నిఘంటువు తీస్తే మూడు అర్థాలు కనిపిస్తాయి. ఒకటి, సాధనం, పనిముట్టు. రెండు, ఒక పని నెరవేరడానికి తోడ్పడే గుణం, అంటే ఉపయోగపడడం. మూడు, ప్రభుత్వం తన పని చేయించుకునే సంస్థ. ఈ మూడింటికీ పొత్తు ఏమిటని మొదట్లో నాకు వింతగా తోచేది. తర్వాత చూస్తే మన భాషలోనూ అటువంటి కుటుంబమే ఒకటి ఉన్నది. అది "కరణం".

కరణం అంటే సంస్కృతంలో సాధనం. దేనితో పని జరుగుతుందో అది కరణం. పనికి బాగా దగ్గరగా నిలిచి తోడ్పడేదే కరణమని పాణిని వ్యాకరణం చెప్పింది. దానికి ముందు "ఉప" చేరిస్తే ఉపకరణం, అంటే పనిముట్టు. దాన్నే క్రియగా మారిస్తే ఉపకరించడం, అంటే మేలు చేయడం, పనికి రావడం. పరికరం కూడా ఆ చుట్టమే. పాత ధర్మశాస్త్రాల్లో కరణం అంటే వ్రాసుకున్న పత్రం అన్న అర్థం కూడా ఉన్నది. ఇంగ్లీషువారి "ఇన్‌స్ట్రుమెంట్" కూడా అంతే. 1899 నాటి స్టాంపుల చట్టం దస్తావేజును ఆ మాటతోనే పిలుస్తుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో పనిచేసిన మిత్రులకు ఇది కొత్త కాదు.

ఇక ఊరి లెక్కలు వ్రాసే మనిషి కరణం. ఆంధ్ర జిల్లాల్లో కరణం, మన వైపు పట్వారి. భూమి ఎవరిది, పంట ఏది, శిస్తు ఎంత అన్నది ఆయన పుస్తకంలో ఉండేది. సర్కారు హైదరాబాదులో ఉంటే ఊళ్ళో దాని చెయ్యి ఆయన. ఆ చెయ్యి మంచికీ పనిచేసింది, చెడ్డకీ పనిచేసింది. పట్వారి కలం పోటుకు భూమి పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. పహాణీలో పేరు సరిగా ఎక్కించి పేదవాణ్ణి నిలబెట్టిన పట్వారులూ ఉన్నారు.

1984 జనవరిలో అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల ఉద్యోగాలను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1985లో టి. వెంకటరెడ్డి కేసులో కోర్టు ఆ రద్దు చెల్లుతుందని చెప్పింది. అంతటితో ఊళ్ళో లెక్కల అవసరం పోలేదు కదా! తర్వాత వి.ఆర్.ఓ.లు వచ్చారు. తెలంగాణలో 2020లో ఆ ఉద్యోగాలూ రద్దయ్యాయి. 2025లో గ్రామ పాలనాధికారులన్న పేరుతో మళ్ళీ నియామకాలు జరిగాయి. సర్కారు ఒక పనిముట్టును పారవేయగలదు గాని ఆ పనిని పారవేయలేదు.

ఇక్కడ చిన్న వ్యాకరణం చెప్పనివ్వండి, ఎక్కువ సేపు పట్టదు. చిన్నప్పుడు విభక్తులు వల్లె వేశాం. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి. పనిముట్టుకు చేరే విభక్తి అదే. "బాడిశతో చెక్కాడు" అంటాం. చేసినవాడికి కూడా అదే విభక్తి. "కరణం చేత వ్రాయబడింది" అంటాం. అంటే పని చేసినవాడికీ, పనికి వాడిన వస్తువుకూ భాష ఒకే గుర్తు ఇచ్చింది. ఎవరు కర్త, ఎవరు కరణం అన్నది మనమే చూసుకోవాలి.

దఫ్తరు భాష ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఉత్తర్వులు జారీ చేయడమైనది", "ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని మనమంతా వ్రాశాం. అందులో కర్తే లేడు! ఎవరు చేశారని అడిగితే ఫైలు చెప్పదు. ఆ వాక్యం వ్రాసేవాడికి హాయిగానే ఉంటుంది. ఆ ఉత్తర్వు వల్ల నష్టపోయినవాడికి మాత్రం కర్త కావాలి. నా పింఛను ఎవరు కోసారు? ఎవరి మీద నేను పిటిషను వేయాలి? మన రాజ్యాంగంలో ఈ ప్రశ్నకు జవాబు 12వ అధికరణంలో మొదలవుతుంది. చూశారా, అధికరణం అన్న మాటలో కూడా కరణం ఉన్నది.

ప్రాథమిక హక్కులను మనం ముఖ్యంగా రాజ్యం మీద అడుగుతాం. రాజ్యం అంటే ఎవరు? కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు, శాసనసభలు, స్థానిక సంస్థలు, "ఇతర అధికార సంస్థలు" అని 12వ అధికరణం చెప్పింది. తగాదా అంతా ఆ చివరి మాట మీదనే. సర్కారు బోర్డులు పెట్టింది, కార్పొరేషన్లు పెట్టింది, కంపెనీలు పెట్టింది, సొసైటీలు రిజిస్టరు చేయించింది. ఉద్యోగి కోర్టుకు వెళితే "మేము ప్రభుత్వం కాదు, వేరే సంస్థ" అని జవాబు వచ్చేది. చొక్కా మార్చుకున్నంత మాత్రాన మనిషి మారతాడా అన్నది ప్రశ్న.

1967లో రాజస్థాన్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు బోర్డు కూడా 12వ అధికరణం కిందికి వస్తుందన్నది. 1975లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో జీవిత బీమా కార్పొరేషన్, చమురు సహజవాయు కమిషన్, పారిశ్రామిక ఆర్థిక కార్పొరేషన్ ఆ వరుసలో చేరాయి. 1979లో వచ్చిన కేసు చూస్తే చాలా చిన్న వ్యవహారం. బొంబాయి విమానాశ్రయంలో హోటలు, ఫలహారశాలల టెండరు తగాదా అది. దాని మీద జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పులో ఈ "ఇన్‌స్ట్రుమెంటాలిటీ" అన్న మాటకు గట్టి రూపం వచ్చింది. 1980 నవంబరు 13న అజయ్ హాసియా కేసులో గుర్తులు వరుసగా చెప్పారు. వాటాధనమంతా ప్రభుత్వానిదేనా? ఖర్చు దాదాపు అంతా ప్రభుత్వమే పెడుతున్నదా? ప్రభుత్వం ఇచ్చిన గుత్తాధికారం ఉన్నదా? ప్రభుత్వ అదుపు లోతుగా, అన్ని విషయాల్లోనూ ఉన్నదా? చేసే పని ప్రజల పనేనా? ఒక ప్రభుత్వ శాఖనే సంస్థగా మార్చారా? ఇందులో ఏ ఒక్కటో దొరికితే సరిపోదు. అన్నీ కలిపి చూడాలి. 2002లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రదీప్ కుమార్ బిశ్వాస్ కేసులో దీన్ని మరింత తేటగా చెప్పింది. డబ్బు, పని, పాలన అన్ని వైపులా ప్రభుత్వ ఆధిపత్యం ఉండాలి, అదుపు ఆ సంస్థకే ప్రత్యేకంగా, లోతుగా ఉండాలి అన్నది. మామూలు చట్టాల ప్రకారం అందరిమీదా ఉండే పర్యవేక్షణ సరిపోదు.

అదే 1980 నవంబరు 13న వచ్చిన మరో తీర్పు మన పెన్షనర్లు గుర్తుంచుకోవలసినది. సోమ్ ప్రకాశ్ రేఖీ అనే ఆయన బర్మా షెల్ కంపెనీలో గుమాస్తా. మన వర్గంవాడే! 1973లో స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకున్నారు. ఆయనకు నెలకు రావలసిన పింఛను 165 రూపాయల 99 పైసలు. ప్రావిడెంటు ఫండు తీసుకున్నావని ఒక కోత, గ్రాట్యుటీ తీసుకున్నావని ఒక కోత వేసి చేతిలో పెట్టింది 40 రూపాయల 5 పైసలు. తర్వాత ఆ కంపెనీ వ్యాపారాన్ని ప్రభుత్వం తీసుకున్నది, అదే భారత్ పెట్రోలియం అయింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళితే, ఇది కంపెనీ, రాజ్యం కాదు, ప్రాథమిక హక్కుల పిటిషను చెల్లదన్న వాదం వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ వ్రాసిన తీర్పు, ఆ కంపెనీ 12వ అధికరణం కింద రాజ్యమేనని, ఆ కోతలు చెల్లవని తేల్చింది. నూట పాతిక రూపాయల కోసం ఒక గుమాస్తా పట్టుబట్టబట్టి ఈ మాటకు దేశమంతా విలువ వచ్చింది.

ఇప్పుడు మన ఊరి చుట్టూ చూద్దాం. పది పదిహేను మైళ్ళ లోపల మూడు రకాల సంస్థలు ఉన్నాయి.

మొదటిది రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. 1964లో ఏర్పడిన ఈ కేంద్ర ప్రభుత్వ కంపెనీలో సర్కారుకు సగానికి మించి వాటా ఉన్నది. టర్బైన్లు, కంప్రెసర్లు తయారుచేసే ఈ కర్మాగారం నీడలో మన ప్రాంతం పెరిగింది. ఇటువంటి కంపెనీ ప్రభుత్వ సాధనమే. అన్యాయమైన ఉత్తర్వు ఇస్తే ఉద్యోగి హైకోర్టులో రిట్ వేయవచ్చు. కాని అక్కడ పనిచేసినవారు ప్రభుత్వోద్యోగులు కారు. ప్రభుత్వోద్యోగిని తొలగించేటప్పుడు 311వ అధికరణం ఇచ్చే రక్షణ ఇటువంటి కంపెనీల ఉద్యోగులకు వర్తించదు. మనకు ఖజానా నుంచి వచ్చే పింఛను వంటిది వారికి రాదు. ప్రావిడెంటు ఫండుతో ముడిపడిన 1995 నాటి పింఛను పథకం కిందికి వచ్చినవారికి ఎంత కొద్దిగా వస్తుందో తెలిసిందే. ఆ పథకంలో కనీస పింఛను వెయ్యి రూపాయలని 2014లో నిర్ణయించారు. వెయ్యి రూపాయలకు నెలంతా మందులు వస్తాయేమో మీరే చెప్పండి. ప్రభుత్వ సాధనం అన్న పేరు కోర్టు తలుపు తెరుస్తుంది. దానంతట అదే పింఛను తెచ్చిపెట్టదు.

రెండవది పటాన్‌చెరు ఇక్రిశాట్. 1972లో స్థాపించారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద అక్కడ జరిగిన పరిశోధన మెట్ట రైతుకు ఎంత ఉపకరించిందో చెప్పనక్కరలేదు. అందుకు భూమి సమకూర్చింది మన ప్రభుత్వమే. ఈ చుట్టుపక్కల ఊళ్ళవారు అక్కడ పనికి వెళ్ళారు. అందుచేత అది సర్కారు సంస్థేనని చాలామంది అనుకునేవారు. 2003లో జి. బస్సిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు కాదని చెప్పింది. దాన్ని స్థాపించింది మన ప్రభుత్వం కాదు. మన ప్రభుత్వం ఇచ్చే డబ్బు చాలా తక్కువ. పాలకమండలిలో 15 మందిలో మనవారు 3గ్గురే. అది చేసే మేలు ఒక్క భారతదేశానికే కాదు, ఇతర దేశాలకు కూడా. కాబట్టి అది 12వ అధికరణం కిందికి రాదు, ఉద్యోగి రిట్ చెల్లదు అన్నారు. ఇది మనం బాగా గమనించాలి. ఉపకరించే ప్రతిదీ ప్రభుత్వ ఉపకరణం కాదు. ఎంత పనికి వస్తుందని కాక, పిడి ఎవరి చేతిలో ఉన్నదని కోర్టు అడిగింది.

మూడవది ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం. 1980లలో వచ్చింది, సైన్యానికి శరత్ అనే యుద్ధ వాహనాలు చేసి ఇచ్చింది. అక్కడివారు నేరుగా కేంద్ర ప్రభుత్వోద్యోగులు. 2021 అక్టోబరు 1న దేశంలోని ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా మార్చారు. ఎద్దుమైలారం కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అన్న కంపెనీలోకి వెళ్ళింది. రాత్రి ప్రభుత్వ శాఖలో పడుకున్న ఉద్యోగి తెల్లవారి కంపెనీ ఆవరణలో లేచాడు. అదే గేటు, అదే యంత్రం, అదే పని. వారిని మొదట రెండేళ్ళకు డెప్యుటేషన్ మీద ఉన్నట్టుగా భావించి, ప్రభుత్వోద్యోగుల నియమాలే వర్తింపజేశారు. అంతకు ముందు 2000 అక్టోబరు 1న టెలిఫోను శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయినప్పుడు కూడా ఇదే భయం. అప్పుడు కంపెనీలోకి తీసుకున్న పాత ఉద్యోగులకు ప్రభుత్వ పింఛను ఇచ్చేటట్టు కేంద్ర పింఛను నియమాల్లో 37-ఎ అన్న కొత్త నియమం చేర్చారు. అది తనంతట తాను రాలేదు, సంఘాలు పోరాడితే వచ్చింది. మన మధ్య ఉన్న టెలిఫోను శాఖ మిత్రులకు ఆ రోజులు బాగా గుర్తుంటాయి.

ఇంతవరకు కోర్టుల మాట. ఇప్పుడు ఇంటి మాట చెబుతాను. నిరుడు మన సంఘం ఆఫీసుకు ఒక కుటుంబ పింఛనుదారు వచ్చింది. "అన్నా, మా మనుమనికి సర్కారు నౌకరీ దొరికింది, గవర్నమెంటు ఏజెన్సీ అంట" అని సంతోషంగా కాగితం చూపించింది. కాగితం పైన ఉన్నది మనుషులను సరఫరా చేసే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు పేరు. ప్రభుత్వ కార్యాలయం పేరు "పనిచేసే స్థలం" అన్న చోట ఉన్నది. "చెల్లె, పిలగాడు సర్కారు ఆఫీసుల పని చేస్తడు గని, సర్కారు నౌకరు కాడు" అని చెబితే ఆమె ముఖం చిన్నబోయింది.

ఇంగ్లీషులో రెండింటినీ ఏజెన్సీ అనే అంటారు. తీర్పుల్లో ప్రభుత్వ ఏజెన్సీ అంటే ప్రభుత్వం చెయ్యి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ అంటే ప్రభుత్వానికీ ఉద్యోగికీ మధ్య నిలబడ్డ కాంట్రాక్టరు. ఒకటి సర్కారు బాధ్యతను దగ్గరకు తెచ్చే మాట, రెండవది దూరం చేసే మాట. మన పిల్లలు, మనుమలు ఈ రోజుల్లో ఎక్కువగా చేరుతున్నది ఈ రెండవ దానిలోనే. కాబట్టి నా అనుభవం మీద కొన్ని మనవులు చేస్తాను.

చేరే ముందు నియామక పత్రం మీద సంతకం ఎవరిది, ముద్ర ఎవరిది అని చూడమనండి. జీతం ఎవరి ఖాతా నుంచి వస్తున్నదో చూడమనండి. ప్రావిడెంటు ఫండు ఎవరి పేరు మీద కట్టబడుతున్నదో పాస్‌బుక్కులో సరిచూసుకోమనండి. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే అసలు యజమాని చెల్లించి తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలన్న నియమం 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం పెట్టింది. 2020లో చేసిన కొత్త కార్మిక కోడ్‌లోనూ అది ఉన్నది. కాని అది అడగాలంటే ఆ ఆఫీసులో పనిచేసినట్టు కాగితం ఉండాలి. హాజరు పట్టీ నకలు, గుర్తింపు కార్డు, జీతం చిట్టీ ఒక్కటి కూడా పారేయవద్దని చెప్పండి. కంపెనీలో గాని కార్పొరేషన్‌లో గాని శాశ్వత ఉద్యోగం వస్తే సర్వీసు నియమాల పుస్తకం అడిగి తీసుకొని, పింఛను ఉన్నదా, ఉంటే ఏ పథకం అన్నది మొదటి నెలలోనే తెలుసుకోమనండి. దిగే ముందు తెలుసుకుంటే లాభం లేదు.

చివరగా మనలను గురించి ఒక మాట. ఉద్యోగంలో ఉన్నప్పుడు మనం సర్కారు చేతిలో కరణాలం. అందుకు సిగ్గుపడనక్కరలేదు. మన చేతుల మీదుగా రేషను కార్డులు, పట్టాలు, వితంతు పింఛన్లు వెళ్ళాయి. కాని పనిముట్టుకు మొద్దుబారితే మూలన పడవేసే గతి ఉంటుంది, మనిషికి ఆ గతి ఉండకూడదు. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 1979 మార్చి 31 అన్న తేదీ గీత గీసి పాత పెన్షనర్లను వేరు చేయడం 14వ అధికరణానికి విరుద్ధమన్నది. ఆ తీర్పు వచ్చిన రోజునే మనం ఈ పండుగ చేసుకుంటున్నాం. గీతకు ఆ వైపు పడినవారి కోసం ఆ తీర్పు వచ్చింది. ఇప్పుడు మన ఇళ్ళలో గీతకు ఆ వైపు ఉన్నది మన పిల్లలు. రెండు వేల నాలుగు తర్వాత చేరినవారికి మన పింఛను పద్ధతి లేదు, కాంట్రాక్టరు కింద ఉన్నవారికి ఏ పద్ధతీ సరిగా లేదు. మన సంఘం బల మీద ప్రతి నెలా రెండవ ఆదివారం ఒక గంట వారి కాగితాలు చూడడానికి కేటాయించాలని ఈ సభలో ప్రతిపాదిస్తున్నాను. తీర్పులు చదవగలవారు, దరఖాస్తు వ్రాయగలవారు మనలో ఇంకా పదిమంది ఉన్నారు. చేతి వ్రాత వణికినా విషయం వణకదు.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.